గ్రహణం మొర్రి పాపకు ప్లేటు పెట్టమన్నారా? తొమ్మిదేళ్ల తర్వాత నేను చెప్పగలిగింది

మాది దేవరకొండ. మా పాప పై పెదవి, చిగురు, అంగిలి ఒక పక్క చీలి పుట్టింది. ఇప్పుడు తనకు తొమ్మిదేళ్లు. అప్పట్లో మా అత్తమ్మతో సహా అందరూ గ్రహణం రోజు కత్తి పట్టావా అనే అడిగారు. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. కడుపులో మొదటి మూడు నెలల్లో అతుక్కోవాల్సినవి అతుక్కోలేదు, అంతే. ఆ మాటలకు ఏడుస్తూ నేను రెండు వారాలు పోగొట్టుకున్నాను. మీరు పోగొట్టుకోకండి, ఎందుకంటే ప్లేటు పని త్వరగా మొదలుపెట్టాలి. పసిబిడ్డ ముక్కులోని మెత్తటి ఎముక మొదటి ఆరు వారాలే బాగా వంగుతుంది. తల్లి హార్మోన్ల ప్రభావం తగ్గేకొద్దీ గట్టిపడుతుంది.

పెదవి ఆపరేషన్‌కు ముందు చీలికను దగ్గర చేసి, ముక్కును సరిచేయడానికే ఈ ప్లేటు. అంగిలి అచ్చు తీసి అక్రిలిక్ (గట్టి ప్లాస్టిక్)తో దాన్ని చేస్తారు. వారం, రెండు వారాలకోసారి ఒక పక్క కాస్త అరగదీసి, మరో పక్క మెత్తటి పదార్థం కలుపుతారు. చిగురు చీలిక 5 మి.మీ. వరకు తగ్గాక ముక్కును లేపే చిన్న కొమ్ము అమరుస్తారు. అందుకే పాపను ఒళ్లో పెట్టుకుని మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా హైదరాబాద్ బస్సులో ఎన్నిసార్లు తిరిగామో!

అసలు పని ఇంట్లోనే. ప్లేటు రాత్రీ పగలూ ఉండాలి, రోజూ తీసి కడగాలి. తీసినప్పుడల్లా టార్చిలైటు వేసి చిగుళ్లు చూడండి. ఎర్రగా ఒరిసిపోయిన చోటు, పుండు కనిపిస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఫోన్ చేయండి. బిడ్డకు ఓకరింతలు వస్తే ముందు ప్లేటు తీసేయండి. ప్లేటును పట్టి ఉంచే ప్లాస్టర్ నేరుగా బుగ్గకు అంటించి నేను పొరపాటు చేశాను, చర్మం లేచిపోయింది. అడుగున చర్మాన్ని కాపాడే పట్టీ వేసి, దాని మీద టేపు అంటించాలి. తీసేటప్పుడు గోరువెచ్చని నీళ్లతో నానబెట్టాలి. పాలు మాత్రం తలను ఎత్తి పట్టుకుని, ఉగ్గుగిన్నెతో కొంచెం కొంచెంగా పట్టి, మధ్యమధ్యలో తేన్పించాలి. ప్లేటు పెడితే బిడ్డ చప్పరించి తాగేస్తుందని ఆశపడకండి.

ఇక పెద్దయ్యాక ఏమవుతుంది? నెదర్లాండ్స్‌లో మూడు కేంద్రాల్లో 54 మంది పిల్లలను చీటీ తీసినట్టు రెండు గుంపులు చేసి, ఆరేళ్ల వయసు దాకా గమనించారు. ఆపరేషన్‌కు ముందు ప్లేటు పెట్టినవాళ్లకూ పెట్టనివాళ్లకూ దవడ ఎదుగుదలలో, పళ్ల వరుసలో నిలిచే తేడా కనిపించలేదు. ఆ ప్లేట్లకు ముక్కు కొమ్ము లేదు. కొమ్ము ఉన్న ప్లేటుతో ముక్కు తీరు మెరుగవుతుందని కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి, కానీ ఆపరేషన్ తర్వాత అది కొంత వెనక్కి జారుతుంది కూడా. మా పాపకూ జారింది. అయినా చీలిక దగ్గరపడ్డాక పెదవి కుట్టడం తేలికైందని సర్జన్ చెప్పారు కాబట్టి, మా తిరుగుడు వృథా అనుకోను. కూలి పోగొట్టుకుని వారం వారం తిరగలేని తల్లి మాత్రం బిడ్డకు అన్యాయం చేశానని కుమిలిపోవద్దు.

వదలకూడనివి వేరే ఉన్నాయి. అంగిలి ఆపరేషన్ ఏడాది అటూఇటుగా అయిపోవాలి. మాట కోసం స్పీచ్ థెరపీ కావాలి: మా పాప 'పప్పు' అంటే గాలంతా ముక్కులోంచే పోయేది. చెవుల్లో నీరు చేరి వినికిడి తగ్గుతుంది, పరీక్ష చేయిస్తూ ఉండండి. కోరపన్ను రాకముందే, ఎనిమిది నుంచి పదకొండేళ్ల మధ్య, చిగురు చీలికలో తుంటి ఎముక ముక్క పెడతారు. మాకిప్పుడు ఆ ఎక్స్‌రేలు తీస్తున్నారు. పాత డిశ్చార్జ్ కాగితాలు అడిగితే సగమే దొరికాయి. మీరు మొదటి రోజు నుంచే అన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి, పాప ఫొటోలతో సహా.