హైడ్రాలిక్ బెండర్‌తో పైపు చొట్ట పడకుండా వంచడం ఎలా?

భీమవరం, పాలకొల్లు చుట్టుపక్కల చెరువు గట్ల మీద షెడ్లు చూడండి. వంపు దగ్గర లోపలికి నొక్కుకుపోయిన పైపులు చాలాచోట్ల కనిపిస్తాయి. నొక్కుకుపోయిన చోట జింకు పెచ్చులూడుతుంది. ఉప్పు గాలికి తుప్పు అక్కడే మొదలవుతుంది, గాలివాన వస్తే పైపు అక్కడే విరుగుతుంది. మంచి పైపు అలా పాడవడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

సామాను పెద్దగా ఏం లేదు. బెండరు, పైపు సైజుకు తగ్గ డై (పైపు కూర్చునే గాడి ఉన్న వంపు దిమ్మ), పైపును రెండు వైపులా ఆపే రెండు రోలర్లు, టేపు, మార్కరు, చెక్క సుత్తి, యాంగిల్ చూసుకోవడానికి మూలమట్టం ఉంటే చాలు.

పైపు కొనేటప్పుడే సగం పని తేలిపోతుంది. ఈ బెండర్ల డైలు వాటర్ పైపు లెక్కన చేస్తారు. ఒక అంగుళం పైపు అంటే బయటి కొలత 33.7 మిల్లీమీటర్లు. ఫర్నిచర్‌కు వాడే 25 మిల్లీమీటర్ల ట్యూబును కూడా షాపులో అంగుళమనే అంటారు. దాన్ని అంగుళం డైలో పెడితే వదులుగా కూర్చుంటుంది, వంచగానే చొట్ట పడుతుంది. వాటర్ పైపుల్లో పసుపు పట్టీ ఉన్నది ఏ క్లాసు, నీలం బీ, ఎరుపు సీ. అంగుళం పైపు మందం ఏ క్లాసులో 2.6, బీలో 3.2, సీలో 4 మిల్లీమీటర్లు. వంచే పనికి బీ క్లాసు కంటే తక్కువది తేకూడదు. రెయిలింగులకు వాడే పల్చటి స్టీలు పైపు ఈ మిషన్ మీద పెట్టనే పెట్టొద్దు. దానికి మాండ్రెల్, అంటే పైపు లోపల ఉండి నొక్కుకుపోకుండా ఆపే కడ్డీ, ఉన్న మిషన్ కావాలి.

నేల మీద చాక్‌పీసుతో అసలు సైజులో బొమ్మ గీసి, 6 మిల్లీమీటర్ల చువ్వను ఆ గీత మీదుగా వంచి నమూనా చేసుకోండి. వంపు మధ్యభాగం పైపు మీద ఎక్కడ వస్తుందో మార్కరుతో చుట్టూ గీయండి. ఆ గీత డై నడిమికి రావాలి. రోలర్ల పిన్నులు రెండు వైపులా ఒకే నంబరు రంధ్రంలో ఉండాలి, కింది ప్లేటు దాకా దిగాలి. ఒకటి అటూ ఇటూ అయితే వంపు వంకరపోవడమే కాదు, డై పగలొచ్చు.

ఇక అసలు పని. పైపు పొడవునా వెల్డు గీత ఒకటి ఉంటుంది. చేత్తో తడిమితే తెలుస్తుంది. అది వంపు బయటి వైపు ఉంటే సాగి చీలుతుంది, లోపలి వైపు ఉంటే ముడత పడుతుంది. పైకో కిందికో, అంటే సాగడమూ నలగడమూ లేని పక్కకు తిప్పి పెట్టండి. నేను పైపు పెట్టాక రెండోసారి కూడా తడిమి చూస్తాను.

హ్యాండిల్ నెమ్మదిగా కొట్టండి. డై పైపుకు ఆనేవరకు ఎలా కొట్టినా ఫరవాలేదు, ఆనాక మాత్రం ఒక్కో స్ట్రోకుకూ ఆగి లోపలి వంపు చూడాలి. చిన్న ముడత కనిపించిందంటే అక్కడే ఆపేయండి. అది పోదు, కొట్టేకొద్దీ పెరుగుతుంది. పక్కన నిలబడ్డ రైతు "ఏం కాదండి, కానిచ్చేయండి" అంటాడు. ఆ మాట విని కానిచ్చేస్తే పైపు పోతుంది.

వదలగానే పైపు కొంచెం వెనక్కి వస్తుంది. నాకు అంగుళం బీ క్లాసు పైపు మూడు డిగ్రీల దాకా వెనక్కి వస్తుంది. కాబట్టి 90 కావాలంటే 93 దాకా తీసుకెళ్తాను. మీ పైపుకు ఎంతో తెలియాలంటే ముందు ఒక ముక్క వంచి చూసుకోవాలి. ఒకేసారి చివరికి పోకుండా 85 దగ్గర ఒత్తిడి వదిలే రిలీజ్ వాల్వు తిప్పి, నమూనా చువ్వతో సరిచూసి, మళ్లీ కొట్టండి. తక్కువైతే ఇంకో స్ట్రోకు కొట్టుకోవచ్చు. ఎక్కువైతే వెనక్కి తీయడానికి ఈ మిషన్‌కు దారి లేదు. పైపు డైలో ఇరుక్కుంటే చెక్క సుత్తితోనే తట్టండి.

కొందరు గ్యాసుతో కాల్చి, ఇసుక నింపి వంచుతారు. గోదావరి ఇసుక ఎంత మంచిదైనా కాస్త తడి మిగిలితే ఆవిరి పైపు చివర బిగించిన బిరడాను తుపాకీ గుండులా తన్నేస్తుంది. జీఐ, అంటే జింకు పూత ఉన్న పైపు కాలిస్తే వచ్చే జింకు పొగ పీల్చినవాళ్లకు రాత్రికి చలిజ్వరమే. కోనసీమలో రెండు కొబ్బరిచెట్ల మధ్య పెట్టి లాగేవాళ్లనూ చూశాను. ఒక్క పైపుకు ఓకే, పది పైపులు ఒకేలా రావాలంటే బెండరే దిక్కు.

వంపు దగ్గర జింకు లేస్తే ఆ రోజే జింకు పెయింటు వేయండి.

మిషన్‌లో హైడ్రాలిక్ ఆయిలే పోయాలి. బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్లు ఉబ్బి కారిపోతాయి. రామ్, అంటే డైను ముందుకు తోసే కడ్డీ, పూర్తిగా లోపల ఉన్నప్పుడే ఆయిల్ మట్టం చూడాలి, బయట ఉన్నప్పుడు నింపితే ఎక్కువైపోతుంది. రామ్ ఆగి ఆగి కదులుతుంటే గాలి చేరినట్టు. రిలీజ్ వాల్వు తెరిచి పదిసార్లు కొట్టండి. రోలర్ పిన్నులకు నెలకోసారి గ్రీజు పెట్టండి. పని అయ్యాక రామ్ తుడిచి, పల్చగా ఆయిల్ పూసి, పూర్తిగా లోపలికి పంపించి కప్పి పెట్టండి. మన ఉప్పు గాలికి బయట వదిలేసిన రామ్ ఒక్క వానాకాలానికే గరుకుదేరుతుంది, ఆ గరుకు సీలును కోసేస్తుంది.