పాత మారుతీకి వైరింగ్ కిట్టు: మార్చే ముందు ఏం చూడాలి, ఎలా మార్చాలి

మా 2003 మోడల్ మారుతీ 800 ఎంపీఎఫ్‌ఐ (కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు అందే ఇంజన్) రెండేళ్ల కిందట గార్లదిన్నె దగ్గర హైవే మీద ఆగిపోయింది. తాడు కట్టి అనంతపురం లాక్కొచ్చాం. షెడ్డులో బానెట్ ఎత్తి ఒక్క చూపు చూసి, "వైరింగంతా పోయింది సార్, కిట్టు మార్చాల్సిందే" అన్నారు. కిట్టు అంటే ఇంజన్ చుట్టూ ఉండే వైర్లూ సాకెట్లూ కలిపి కట్టిన గుత్తి. సరే, మార్చారు. నాలుగు రోజులకు బండి మళ్లీ అదే తీరున ఆగింది. చివరికి తేలిందేమంటే, బ్యాటరీ నుంచి ఇంజన్‌కు వెళ్లే ఎర్త్ కేబులు లగ్గు (చివర బోల్టుకు తగిలించే లోహపు ముక్క) దగ్గర లోపల్లోపలే కుళ్లిపోయింది. పాత కిట్టు నిక్షేపంగా ఉండేది, దాన్నప్పటికే గుజిరీకి వేసేశారు.

కథ అక్కడితో ఆగలేదు. పోయిన ఎండాకాలం కారు పక్కనే శనక్కాయల మూటలు వేశాం. వాటి కోసం వచ్చిన ఎలకలు ఆ కొత్త కిట్టునే కొరికేశాయి. ఈసారి నిజంగానే మార్చాల్సి వచ్చింది, నేనే మార్చుకున్నాను. ఆ రెండు అనుభవాల నుంచి రాస్తున్నదే ఇది.

సెల్ఫ్ మూలుగుతోంది, లైట్లు వేస్తే టెంపరేచర్ ముల్లు కదులుతోంది

సంబంధం లేని రెండు మూడు రోగాలు ఒకేసారి కనిపిస్తే ముందు ఎర్త్‌ను అనుమానించండి. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి కరెంటు తిరిగి బ్యాటరీకి రావడానికి ఒకటి రెండు కేబుళ్లే దిక్కు. అవి బలహీనపడితే కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. యాక్సిలరేటర్ కేబులు, క్లచ్ కేబులు చేత్తో పట్టుకుంటే వేడిగా తగులుతున్నాయంటే సెల్ఫ్ కరెంటు వాటి గుండానే పోతున్నట్టు. మా బండిలో క్లచ్ కేబులు తొడుగు కాస్త కరిగి కూడా ఉంది, అప్పుడు ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

పరీక్ష సులువు. మల్టీమీటరును 20 వోల్టుల డీసీ మీద పెట్టి నల్ల పిన్ను బ్యాటరీ నెగటివ్ మొల మీద, ఎర్ర పిన్ను ఇంజన్ మీద రంగు లేని ఇనుము మీద ఆనించి, ఒకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.2 వోల్టుల చుట్టుపక్కల ఉంటే పర్వాలేదు. అర వోల్టు దాటితే అక్కడే తప్పు. మీటరు లేదా? జంపర్ కేబులుతో బ్యాటరీ నెగటివ్‌ను నేరుగా ఇంజన్‌కు కలపండి. రోగం మాయమైతే దొంగ దొరికినట్టే. కొత్త అల్లిక కేబులు వేసి, బోల్టు కూర్చునే చోట ఉప్పు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, బిగించాక పైన వాజిలిన్ పూయండి. కొన్ని వందల రూపాయలతో పోయే పనికి నేను కిట్టు డబ్బు పోశాను.

చల్లగా ఉన్నప్పుడు బాగుంటుంది, అరగంట తోలాక ఆగిపోతుంది

మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఇదే ఎక్కువ. బయటే 42 డిగ్రీలుంటే ఎగ్జాస్ట్ పక్కన వైరు పరిస్థితి ఊహించుకోండి. వైరు పైతొడుగు ఏళ్ల తరబడి కాలి అప్పడంలా గట్టిపడుతుంది, వంచితే విరుగుతుంది. లోపల రాగి నల్లబడుతుంది. వేడికి సాగినప్పుడు తెగిన పోచలు విడిపోతాయి, చల్లారాక మళ్లీ తగులుకుంటాయి.

ఇక్కడే చాలామంది మీటరు బీప్ శబ్దాన్ని నమ్మి మోసపోతారు. వైరులో ఒక్క పోచ మిగిలినా మీటరు బీప్ అంటుంది, కానీ ఆ పోచ పని చేసేంత కరెంటు మోయలేదు. ఇంజెక్టరు, కాయిలు, సెన్సర్ల పవర్ వైర్లను బరువు పెట్టి, అంటే వాటి గుండా నిజంగా కరెంటు పారనిచ్చి చూడాలి. ఆ వైరును రెండు వైపులా సాకెట్ల నుంచి విడదీసి, దాని గుండా 21 వాట్ల ఇండికేటర్ బల్బు వెలిగించండి. బల్బు నిండుగా వెలిగితే వైరు మంచిది, గుడ్డిగా వెలిగితే పోయినట్టే. ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటరు పెట్టె) తగిలించి ఉండగా మాత్రం బల్బు పెట్టొద్దు, దాని లోపలి భాగాలు కాలిపోతాయి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండి అయితే పసుపు రంగు సాకెట్ల జోలికి మీటరుతో కూడా పోవద్దు.

వైరు బాగుంటే సెన్సర్‌నే అనుమానించాలి. సెన్సర్ మీద హెయిర్ డ్రయ్యర్ వేడిగాలి కొట్టి, అప్పుడు బండి ఆగిందంటే మారాల్సింది అదే, వైరింగ్ కాదు.

ఫ్యూజు వేయగానే కొట్టేస్తోంది

ఎక్కడో వైరు బాడీకి తగులుతోంది. ఫ్యూజులు ఒకదాని తర్వాత ఒకటి బలిపెట్టకుండా, ఫ్యూజు చోట హెడ్‌లైట్ బల్బు ఒకటి తగిలించండి. షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది. ఇక కిట్టును అంగుళం అంగుళం కదుపుతూ పోండి. ఎక్కడ కదిపినప్పుడు బల్బు మినుకుమంటుందో దెబ్బ అక్కడే. సాధారణంగా బ్యాటరీ కింద, ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ చిల్లు దగ్గర, క్లిప్పు ఊడి వైరు వేలాడుతున్న చోట దొరుకుతుంది. పెద్ద ఫ్యూజు వేసి సరిపెట్టుకునే వాళ్లున్నారు. అది బండి తగలబెట్టుకునే పని.

సాకెట్లలో పచ్చ బూజు

మన జిల్లాలో వాన తక్కువ కదా, తుప్పెందుకని అడుగుతారు. వాన వల్ల కాదు, వాటర్ వాష్ వల్ల. ప్రెషర్ పైపుతో ఇంజన్ కడిగించిన మూడు నాలుగు రోజులకు బండి మొరాయించడం మొదలుపెడితే, సాకెట్లు ఒక్కొక్కటే విప్పి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరబెట్టండి. చాలాసార్లు అక్కడితో సరి. పిన్ను విరిగితే ఆ ఒక్క సాకెట్టే మార్చుకోవచ్చు.

ఇక కిట్టు మార్చాల్సిందే అని ఎప్పుడంటే

ఒకటి రెండు వైర్లు తెగితే అతుకు వేయండి. మూడు నాలుగు వేర్వేరు చోట్ల వైరు వంచితే తొడుగు పొలుసులుగా రాలుతున్నా, పాత మెకానిక్కులు వేసిన టేపు జాయింట్లు లెక్కపెట్టలేనన్ని ఉన్నా, ఎలకలు గుత్తిగా కొరికినా అతుకులు దండగ. మా బండిలో పదకొండు వైర్లు తెగాయి. వాటిలో రెండు సెన్సర్ వైర్లు.

మారుతీ 800 తయారీ 2014లో ఆగిపోయింది. కొత్త కిట్టు దొరకడం అదృష్టం, మామూలుగా పాత బండి నుంచి తీసినదే దిక్కు. నాకు బెంగళూరు గుజిరీలో దొరికింది. కొనేటప్పుడు మూడు చూడండి. కార్బొరేటర్ బండి కిట్టు ఎంపీఎఫ్‌ఐకి పనికిరాదు. ఏసీ ఉన్నదీ లేనిదీ ఒకటి కాదు. కిట్టు మీద కాగితం ట్యాగు ఉంటే దాని నంబరు మీ పాతదానితో కలవాలి. ఎగ్జాస్ట్ వైపు వచ్చే వైరును వంచి చూడకుండా డబ్బులివ్వొద్దు.

తీసే ముందు బ్యాటరీ నెగటివ్ ఊడదీయండి, 10 నంబరు స్పానరు చాలు. తర్వాత ఫోన్‌తో ఫొటోలు, ఎన్ని తీస్తే అంత మంచిది. ప్రతి సాకెట్టుకూ మాస్కింగ్ టేపు చుట్టి పెన్నుతో నంబరు వేశాను. వైరు పట్టుకుని లాగకండి, సాకెట్టు లాకు నొక్కి ఊడదీయండి. పాత ప్లాస్టిక్ ఎండి ఉంటుంది, పొద్దున్నే చల్లని వేళ చేస్తే లాకులు ఎక్కువ విరుగుతాయేమోనన్న భయంతో మధ్యాహ్నం బండిని కాసేపు ఎండలో పెట్టి మరీ చేశాను, ఒక్కటే విరిగింది. డ్యాష్‌బోర్డు కింద ఈసీయూ సాకెట్టు విప్పాక, ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడలోని రబ్బరు గ్రోమెట్టుతో సహా కిట్టును ఇంజన్ వైపుకు లాక్కోవాలి.

అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. నులక మంచం వాకిట్లో వేసి, పాత కిట్టునూ తెచ్చిన కిట్టునూ పక్కపక్కన పరిచాను. ఏ సాకెట్టులో ఏ రంగు వైరు ఏ గదిలో ఉందో రెండింటిలోనూ ఒక్కొక్కటే పోల్చాను. మూడు గంటలు పట్టింది. మా చిన్నమ్మ కొడుకు వచ్చి, "ఏందన్నా, మంచం మీద పామును పడుకోబెట్టినావు" అని నవ్వాడు. నవ్వినా, ఆ మూడు గంటల్లోనే ఒక సాకెట్టులో రెండు వైర్లు తారుమారుగా ఉన్నది దొరికింది. ఎవరో అంతకుముందే అతుకు వేసి పెట్టారు. అలాగే బిగించి ఉంటే ఎక్కడ వెతికేవాడినో.

చుట్టడానికి మామూలు నల్ల పీవీసీ టేపు వాడకండి. మన ఎండకు దాని జిగురు కరిగి జారిపోతుంది, చేతికంటుతుంది. బట్ట టేపు వాడండి, ఎగ్జాస్ట్ పక్కన మాత్రం వేడిని తట్టుకునే గ్లాస్ ఫైబర్ గొట్టం తొడగండి. అతుకు తప్పనిసరైన చోట మెలితిప్పి టేపు చుట్టడం కాదు, క్రింపు చేసి (లోహపు తొడుగులో వైర్లు పెట్టి నొక్కి), పైన హీట్ ష్రింక్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) తొడగాలి.

బిగించేటప్పుడు ముందు గోడ చిల్లులోంచి క్యాబిన్ వైపు భాగం, ఆ తర్వాత ఇంజన్ వైపు. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజన్ ఊగుతుంది కాబట్టి బాడీ నుంచి ఇంజన్‌కు దాటే చోట నాలుగు వేళ్ల వదులు ఉంచండి. పాత క్లిప్పులు దొరక్కపోతే కేబుల్ టై పెట్టండి. ఎర్త్ బోల్టుల కింద మళ్లీ ఉప్పు కాగితం.

బ్యాటరీని ఒక్కసారిగా కలిపేయకండి. తాళం ఆఫ్ చేసి, తలుపులన్నీ మూసి, నెగటివ్ మొలకూ క్లాంపుకూ మధ్య ఆ 21 వాట్ల బల్బునే పెట్టండి. వెలగకపోయినా, లేశంగా ఎర్రబారినా సరే. నిండుగా వెలిగితే షార్టు ఉంది, ఆగి వెతకండి. బల్బు శాంతంగా ఉంటే అది తీసి క్లాంపు బిగించి తాళం తిప్పండి. డ్యాష్‌బోర్డులో చెక్ లైటు (ఇంజన్ లోపాన్ని చూపే దీపం) వెలగాలి, పెట్రోలు పంపు ఒకటి రెండు సెకన్లు గుయ్యిమనాలి, స్టార్ట్ అయ్యాక లైటు ఆరాలి. బ్యాటరీ మీద మీటరు 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య చూపాలి. ఇంజన్ తిరుగుతుండగానే ఫ్యాన్‌కూ బెల్టుకూ దూరంగా కిట్టును అక్కడక్కడా కదిపి చూడండి, శబ్దం మారకూడదు. మాది మొదటి సెల్ఫ్‌కే పట్టింది కానీ చెక్ లైటు ఆరలేదు. టెంపరేచర్ సెన్సర్ సాకెట్టు పూర్తిగా కూర్చోలేదంతే, టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కాక ఆరిపోయింది.

శనక్కాయల మూటలు ఇప్పుడు అటక మీద ఉన్నాయి. పాత కిట్టును మాత్రం ఈసారి గుజిరీకి వేయలేదు. బాగున్న సాకెట్లను జానెడు వైరుతో కోసి డబ్బాలో దాచాను, మొన్ననే పక్కింటి మారుతీ జెన్ కారుకు ఒకటి సరిపోయింది.