హైకోర్టు జడ్జిగా పేరొచ్చింది సరే, మనిషి ఎట్టాంటోడు?

కొలీజియం, అంటే హైకోర్టు జడ్జిలుగా ఎవర్ని వేయాలో సిఫారసు చేసే సీనియర్ జడ్జిల బృందం, ఇచ్చిన జాబితా పేపర్లో పడ్డ రోజు మా నెల్లూరు కోర్టు ఆవరణలో వినపడే ప్రశ్నలు రెండే: ఏ కులం, ఎవరి మనిషి? నేను ప్లీడరు గుమాస్తాని. ఆ రెంటి వల్లా నాకెప్పుడూ ఏమీ తెలిసిరాలేదు. నేను చూసే తీరు వేరు.

రాజ్యాంగం 217వ అధికరణ కింద పదేళ్లు న్యాయాధికారిగానో, పదేళ్లు హైకోర్టు అడ్వకేటుగానో ఉండాలి. ఇది అర్హత వరకే. 1992లో గౌహతి హైకోర్టుకు ఒకాయన్ని రాష్ట్రపతి నియమించాక కూడా, అర్హత లేదని సుప్రీంకోర్టు ఆపేసింది. 2023లో మద్రాసు హైకోర్టు నియామకమొకటి సవాలు చేస్తే, ఆ మనిషి తగునా తగదా అన్న దాంట్లోకి మాత్రం వెళ్లనంది. కాబట్టి గుణం సంగతి కోర్టులో దావా వేసి తేల్చుకునేది కాదు.

జిల్లా జడ్జిగా ఉండి పైకి వెళుతున్నాయన అయితే పని సులువు. ఈకోర్ట్స్ సైటులో ఆయన రాసిన తీర్పులు దొరుకుతాయి. రొయ్యల గుంట లీజు తగాదానో, అన్నదమ్ముల పార్టిషన్ దావానో, రెండు వైపులా కాస్త బలమున్న కేసు తీసుకోండి. ఎవరు ఓడారో ముందు చూసుకుని, ఓడినవాడి తరఫున చదవండి. ప్రతివాది ఓడితే బి-సిరీస్ కాగితాల, అంటే ప్రతివాది దాఖలు చేసిన కాగితాల, జాబితా తీర్పు చివర ఉంటుంది. అందులో ముఖ్యమైన కాగితం, అడంగల్ (పొలం సాగు రికార్డు) గానీ రిజిస్టరు దస్తావేజు గానీ, తీర్పు లోపల ఎక్కడైనా చర్చకు వచ్చిందా? లేక ‘ప్రతివాది వాదన నమ్మశక్యంగా లేదు’ అని ఒక్క ముక్కతో దాటేశారా? ఓడినవాడి గట్టి పాయింటును గట్టిగానే రాసి, అది ఎందుకు నిలవదో చెప్పిన జడ్జిని నేను నమ్ముతా. అప్పీల్లో ఆ తీర్పు కొట్టేసినా సరే.

డిలే పిటిషన్లు, అంటే గడువు దాటాక వచ్చి ఆలస్యాన్ని మాఫీ చేయమని అడిగేవి, కూడా చూడండి. వీటిని ఎవరూ పట్టించుకోరు గానీ మనిషి బయటపడేది ఇక్కడే. ప్రభుత్వ శాఖ నెలల తరబడి ఆలస్యంగా వస్తే ‘ఫైలు కదలడంలో జాప్యం’ అని మాఫీ చేసి, ఉదయగిరి నుంచి వచ్చిన రైతు జ్వరమొచ్చి పది రోజులు ఆలస్యమైతే డిస్మిస్ చేశారా? అలాంటి ఆర్డర్లు నాలుగైదు పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్కటి చూసి తీర్మానించొద్దు.

అడ్వకేటుగా ఉండి వెళుతున్నాయన్ని ఆయన క్లయింట్లను బట్టి తూచకండి. చీమకుర్తి క్వారీ యజమాని తరఫున వాదించినంత మాత్రాన క్వారీల మనిషి కాడు. ఎదుటి వకీలు జూనియర్లను, గుమాస్తాలను అడగండి. కౌంటరు (ఎదుటి పిటిషనుకు రాతపూర్వక జవాబు) కాపీ ముందుగా ఇచ్చేవాడా, వాయిదా రోజు పొద్దున చేతిలో పెట్టేవాడా? తనకు వ్యతిరేకంగా ఉన్న సుప్రీంకోర్టు తీర్పును జడ్జి ముందు పెట్టేవాడా, దాచేవాడా? ప్రభుత్వ ప్లీడరుగా చేసుంటే, ఆఫీసు తప్పు చేసిన చోట ఒప్పుకున్నాడా? సీనియర్లు చెప్పే పొగడ్తలు విని ఊరుకోండి, వాటితో పని లేదు.

వీలైతే ఒక పూట కోర్టు హాల్లో వెనక బెంచీలో కూర్చోండి, మామూలు కేసులకు ఎవరైనా కూర్చోవచ్చు. కోపాన్ని పెద్దగా లెక్కలోకి తీసుకోకండి. చిరచిరలాడే జడ్జి మంచి తీర్పు ఇవ్వడమూ, తియ్యగా మాట్లాడే ఆయన ఇంజంక్షన్ పిటిషన్ ఏడాదిపాటు తేల్చకపోవడమూ రెండూ చూశాను. సాక్షికి ప్రశ్న అర్థం కానప్పుడు ఏం చేస్తారన్నది మాత్రం గమనించండి.

కొడుకో, కూతురో అదే బార్‌లో ప్రాక్టీసు చేస్తున్నారా అన్నదీ తెలుసుకోవాలి. దగ్గరి బంధువులు తన ముందు వాదించకూడదనీ, ఇంట్లో ఆఫీసు నడపకూడదనీ 1997లో సుప్రీంకోర్టు జడ్జిలే నియమం పెట్టుకున్నారు. బంధువు ఉండటం తప్పు కాదు, ఆ నియమం పాటిస్తారా అన్నదే చూడాలి.

డబ్బు పుకార్లు వస్తాయి. చెప్పేది ఓడిపోయిన పార్టీ అయితే ఏ కేసు, ఏ తేదీ, ఏ ఆర్డరు అని అడగండి. చాలావరకు అక్కడే ఆగిపోతుంది. ఆగకపోతే సర్టిఫైడ్ కాపీ తీయించి, సంతకం పెట్టి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తికి రాయండి. ఆకాశరామన్న ఉత్తరాలు మాత్రం వద్దు. నియామకం అయిపోయినా దారి పూర్తిగా మూసుకుపోదు: చాలామందిని మొదట రెండేళ్లకు మించకుండా అదనపు జడ్జిగా వేసి, పర్మనెంట్ చేసే ముందు వాళ్ల తీర్పులు మళ్లీ పరిశీలిస్తారు. మీ కాగితం ఆలోపు చేరాలి.