న్యూక్లియర్ ప్లాంట్ లో పెట్టే సేఫ్టీ పరికరాన్ని ఎట్ల టెస్ట్ చేయాల: ఓవెన్ నుంచి స్టీమ్ ఛాంబర్ దాకా

మన సీమ నుంచి డిప్లొమానో బీటెకో చేసి హైదరాబాద్, బెంగళూరు టెస్ట్ ల్యాబుల్లో చేరే పిల్లోళ్లు చాలామందే ఉండారు, అట్లనే కర్నూలు, అనంతపురంలో ప్యానెళ్లు, జంక్షన్ బాక్సులు చేసే చిన్న యూనిట్లోళ్లు న్యూక్లియర్ ఆర్డర్ కి ట్రై చేయొచ్చా అని అడుగుతా ఉంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తాండా. మన కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం తీస్తాండారని అందరికీ తెలుసు, కానీ అట్లాంటి యురేనియంతో నడిచే రియాక్టర్ బిల్డింగ్ లోపల ఒక ప్రెజర్ ట్రాన్స్‌మిటరో (ప్రెజర్ కొలిచి సిగ్నల్ పంపేది), సోలెనాయిడ్ వాల్వో (కరెంటు కాయిల్ తో నడిచే వాల్వ్), ఒక లిమిట్ స్విచ్చో (వాల్వ్ తెరిచిందా మూసిందా చెప్పే స్విచ్) పెట్టాలంటే అది ఏమేం దాటి రావాలో మన దగ్గర మాట్లాడుకునేది తక్కువ.

ముందు ఇదంతా ఎందుకో పట్టుకోవాల, అది పట్టుకుంటే మిగతాది దానంతట అదే అర్థమైతాది. ప్లాంట్ లో ముఖ్యమైన సెన్సర్లు ఒక్కటి పెట్టరు, మూడో నాలుగో పెడతారు, ఒకటి పోయినా మిగతావి ఉంటాయని. కానీ కూలంట్ (రియాక్టర్ ను చల్లబరిచే నీళ్లు) పైపు పగిలి బిల్డింగ్ అంతా ఆవిరి నిండిందనుకో, ఆ ఆవిరి మూడింటినీ ఒకేసారి పట్టుకుంటాది. మూడూ ఒకే కంపెనీవి, ఒకే వయసువి, ఒకే రకం ఓ-రింగ్ (లీక్ ఆపే రబ్బరు రింగ్) ఉన్నవి. ఒకటి ఏ కారణంతో పోతాదో మిగతా రెండూ అదే కారణంతో అదే గంటలో పోతాయి. ఎన్ని పెట్టినామనేది ఇక్కడ కాపాడదు, ప్రతి ఒక్కటీ ఆ పరిస్థితిని తట్టుకుంటాదని ముందే చూపించడం ఒక్కటే కాపాడతాది. మన దేశంలోనే 1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్ నరోరా అణు విద్యుత్ కేంద్రం ఒకటో యూనిట్ లో టర్బైన్ బ్లేడ్లు విరిగి, హైడ్రోజన్ అంటుకుని, మంట కేబుళ్ల వెంబడి పాకి మెయిన్ కేబుళ్లు, బ్యాకప్ కేబుళ్లు కలిసి పోయినాయి, దాదాపు 17 గంటలు స్టేషన్ లో ఏసీ కరెంటు లేదు. రియాక్టర్ ను కాపాడుకున్నారు గానీ, ఒకే దెబ్బకి అన్నీ పోవడం అంటే ఏందో అది చూపించింది.

ఇంకో విషయం ఇంతకంటే ముఖ్యం అంటాను నేను. పరికరం బతికుంటే చాలదు, అది నిజం చెప్పాల. 1979 మార్చిలో అమెరికా త్రీ మైల్ ఐలాండ్ లో ఒక రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోతే, ప్యానెల్ మీద లైటు మాత్రం మూసుకున్నట్టే చూపించింది, ఎందుకంటే ఆ లైటు వాల్వ్ ఎక్కడుందో చూసి చెప్పేది కాదు, సోలెనాయిడ్ కి కరెంటు పోతాందా లేదా అనేది మాత్రమే చెప్పేది. 2011లో ఫుకుషిమా ఒకటో యూనిట్ లో లెవెల్ గేజ్ రిఫరెన్స్ లెగ్ (పోల్చి చూసేదానికి నీళ్లు నింపి ఉంచే పైపు) లో ఉండే నీళ్లు ఆవిరైపోయి, లోపల నీళ్లు ఉన్నదానికంటే ఎక్కువ ఉన్నట్టు చూపించింది. ఆపరేటర్ చేతిలో ఉండేది ఆ రీడింగ్ ఒక్కటే కదా. అందుకే టెస్ట్ ప్లాన్ రాసేటప్పుడు "పనిచేయాల" అని ఒక్క ముక్క రాసి వదిలేయొద్దు, ఎంత యాక్యురసీతో, ఎన్ని గంటలు, ఏ వోల్టేజ్ దగ్గర అని అంకెల్లో రాయాల.

పని మొదలయ్యేది ల్యాబ్ లో కాదు, కాగితం మీద. ప్లాంట్ వాళ్లు ఇచ్చే స్పెసిఫికేషన్ లో ఈ పరికరం ఏ గదిలో ఉంటాది, మామూలు రోజుల్లో టెంపరేచర్ ఎంత, ఏడాదికి ఎంత రేడియేషన్ డోస్, యాక్సిడెంట్ వస్తే టెంపరేచర్, ప్రెజర్ ఎట్ల పెరిగి ఎట్ల దిగుతాయి, అప్పుడు ఎంతసేపు పనిచేయాల, నీళ్లలో మునుగుతాదా, ఇవన్నీ ఉండాల, లేకపోతే అడిగి రాతలో తెప్పించుకోవాల, ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు. కంట్రోల్ రూమ్ లాంటి మామూలు చోట్ల ఉండేదానికి ఈ మొత్తం సీక్వెన్స్ అక్కర్లేదు, యాక్సిడెంట్ లో వాతావరణం మారిపోయే చోటుకే ఇదంతా. రూల్ పుస్తకాలైతే, ఈ మొత్తం టెస్టింగ్ కి ఇంజనీర్ల సంస్థ ఐట్రిపుల్ఈ రాసిన 323, ఇప్పుడు ఐఈసీ తో కలిపి 60780-323 అని వస్తాంది, భూకంపానికి 344, కేబుళ్లకి 383. మన దేశంలో పైన చూసేది అణుశక్తి నియంత్రణ బోర్డు, ఏఈఆర్‌బీ, 1983 లో పెట్టినారు.

శాంపిల్ విషయంలో గట్టిగా ఉండాల. ప్లాంట్ కి ఏది పంపుతారో అదే టెస్ట్ కి పోవాల, అదే డ్రాయింగ్, అదే ఓ-రింగ్, అదే కేబుల్ గ్లాండ్ (కేబుల్ లోపలికి పోయే చోట బిగించే సీల్), అదే టార్క్. టెస్ట్ కోసమని ప్రత్యేకంగా బాగా చేసిన పీస్ పంపితే ఆ రిపోర్ట్ కి విలువ లేదు. ప్రతి పార్ట్ కీ మెటీరియల్ పేరు, బ్యాచ్ నంబర్ రాసిపెట్టుకోండి, రేపు ఓ-రింగ్ సప్లయర్ మారితే అది పాతదానితో సమానమని చూపించాల్సి వస్తాది, అప్పుడు ఈ కాగితమే ఆధారం. మొదట కొత్తగా ఉన్నప్పుడే అన్ని రీడింగులూ తీసి పెట్టుకోవాల, ఇన్సులేషన్ రెసిస్టెన్స్, యాక్యురసీ, రెస్పాన్స్ టైమ్, లీక్. తర్వాత వచ్చే ప్రతి రీడింగునీ వీటితోనే పోల్చేది.

ఇప్పుడు అసలు సంగతి, ఏజింగ్. మన బోరు మోటార్ చూడండి, కొత్తగా దించినప్పుడు లో వోల్టేజ్ వచ్చినా తట్టుకుంటాది, అదే ఏళ్ల తరబడి తిరిగి వైండింగ్ ఎండిపోయినాక మే నెలలో ఒక్క దెబ్బకి కాలిపోతాది. యాక్సిడెంట్ కూడా పరికరం కొత్తగా ఉన్నప్పుడే వస్తాదని గ్యారంటీ ఏముంది, సర్వీసు ఆఖరి ఏడాదిలో కూడా రావచ్చు. అందుకని ముందు దాన్ని ముసలిదాన్ని చేసి, తర్వాతే యాక్సిడెంట్ చూపించాల. ఈ ఆర్డర్ తిప్పి చేస్తే, అంటే కొత్త పీస్ ని స్టీమ్ లో పెట్టి పాస్ అయింది అంటే, దాంతో ఏమీ తేలదు.

40 ఏళ్లు ఆగలేము కాబట్టి ఓవెన్ లో ఎక్కువ వేడి పెట్టి వయసు తెస్తాము, దానికి వాడేది అరీనియస్ లెక్క, వేడి పెరిగితే వయసు ఎన్ని రెట్లు తొందరగా వస్తాదో చెప్పేది. సర్వీస్ టెంపరేచర్ ని, ఓవెన్ టెంపరేచర్ ని కెల్విన్ లోకి మార్చి, ఒక్కోదాని 1 బై విలువ తీసుకుని, మొదటిదాంట్లోంచి రెండోది తీసేసి, దాన్ని యాక్టివేషన్ ఎనర్జీతో (వేడి పెరిగేకొద్దీ ఆ మెటీరియల్ పాడయ్యే స్పీడ్ ఎంత పెరుగుతాదో చెప్పే అంకె) గుణించి, బోల్ట్జ్‌మన్ కాన్‌స్టెంట్ 8.617 × 10⁻⁵ తో భాగించి, వచ్చినదానికి ఎక్స్‌పొనెన్షియల్ తీస్తే ఎన్ని రెట్లు స్పీడ్ గా వయసు వస్తాందో తెలుస్తాది. ఒక లెక్క చేసి చూడండి: సర్వీస్ 50 డిగ్రీలు, ఓవెన్ 120 డిగ్రీలు, యాక్టివేషన్ ఎనర్జీ 1.0 ఎలక్ట్రాన్ వోల్ట్ అనుకుంటే దాదాపు 598 రెట్లు, అంటే 40 ఏళ్లకి 586 గంటలు, సుమారు 24 రోజులు. అదే యాక్టివేషన్ ఎనర్జీ 0.8 అయితే 166 రెట్లే, 88 రోజులు పెట్టాల. ఇప్పుడు తిప్పి చూడండి, నిజంగా 0.8 ఉన్న రబ్బరుకి 1.0 అని రాసుకుని 24 రోజుల్లో బయటికి తీస్తే, అది చూసిన వయసు 11 ఏళ్లే, కానీ రిపోర్ట్ లో 40 అని ఉంటాది. ఒక్క అంకె ఎంత పని చేస్తాదో చూసినారు కదా, అందుకే ఆ విలువ ఇంటర్నెట్ లో దొరికిన ఏదో టేబుల్ నుంచి కాదు, మీరు వాడే ఆ కాంపౌండ్ మీద టెస్ట్ డేటా ఉన్నచోటి నుంచే తీసుకోవాల. పరికరంలో చాలా మెటీరియల్స్ ఉంటే అన్నింటికంటే బలహీనమైనదాన్ని బట్టి లెక్క.

టైమ్ తగ్గుతాదని ఓవెన్ ని మరీ పెంచొద్దు. కేబుల్ ఇన్సులేషన్ కి వాడే ఎక్స్‌ఎల్‌పీఈ ప్లాస్టిక్ లాంటిది 105 డిగ్రీల దరిదాపుల్లో లోపల క్రిస్టల్స్ కరిగి దాని తీరే మారిపోతాది, అది దాటించి చేసిన ఏజింగ్ సర్వీస్ లో జరిగేదాన్ని చూపించదు. ఓవెన్ లో గాలి తిరగాల, ఆక్సిజన్ లేకపోతే రబ్బరు సర్వీస్ లో లాగా ముసలిది కాదు. ఇంకోటి మర్చిపోతారు, సోలెనాయిడ్ కాయిల్ కి ఎప్పుడూ కరెంటు ఉండేటట్లయితే గది 50 ఉన్నా కాయిల్ అంతకంటే చాలా ఎక్కువ వేడి మీద ఉంటాది, లెక్క ఆ కాయిల్ వేడితో కట్టాల, గది వేడితో కాదు.

తర్వాత రేడియేషన్. కోబాల్ట్-60 గామా ఛాంబర్ లో పెడతారు. మామూలు రోజుల డోస్, యాక్సిడెంట్ డోస్ రెండూ కలిపి ఇచ్చేస్తారు చాలాసార్లు, రేటు గంటకి 10 కిలోగ్రే (గ్రే అంటే రేడియేషన్ డోస్ కొలత) దాటకుండా చూసుకోవాల, మరీ తొందరగా కొడితే ఆక్సిజన్ ప్లాస్టిక్ లోపలికి పోయే టైమ్ ఉండదు, పై పొరకే దెబ్బ తగిలి లోపల బాగుంటాది, దాంతో ఉన్నదానికంటే గట్టిదని మోసపోతాము. శాంపిల్ ని మధ్యలో తిప్పి అన్ని వైపులా డోసిమీటర్లు పెట్టించండి. ఛాంబర్ లోంచి వచ్చిన పీస్ ని ముట్టుకోవడానికి కొందరు భయపడతారు, కోబాల్ట్ గామా తగిలిన వస్తువు రేడియోయాక్టివ్ కాదు, మామూలుగానే పట్టుకోవచ్చు. ఇక్కడ మన ప్లంబింగ్ అలవాటు ఒకటి మానుకోవాల, థ్రెడ్ కి టెఫ్లాన్ టేప్ చుట్టడం. టెఫ్లాన్ వేడికి రాజు గానీ రేడియేషన్ కి చాలా తొందరగా పొడి అయిపోతాది. మామూలు ఐసీలు (ఎలక్ట్రానిక్ చిప్పులు) కూడా కొన్ని వందల గ్రే కే పోవచ్చు, అందుకే ఎలక్ట్రానిక్స్ ని వీలైనంత వరకు బిల్డింగ్ బయట పెట్టాలని చూస్తారు.

వేడి ముందా రేడియేషన్ ముందా అంటే, ఆ మెటీరియల్ కి ఏ ఆర్డర్ లో ఎక్కువ దెబ్బ తగులుతాదో అది పెట్టాల, ఎందుకట్ల పెట్టినారో రాయాల. వాల్వ్, స్విచ్ లాంటివాటికి జీవితకాలంలో ఎన్నిసార్లు తెరిచి మూస్తారో అన్ని సైకిల్స్ కూడా తిప్పాల.

ఒక ల్యాబ్ లో ఓవెన్, ఇంకో ఊర్లో గామా ఛాంబర్, భూకంపం టేబుల్ (పీస్ ని భూకంపం లాగా ఊపే బల్ల) బెంగళూరు సీపీఆర్‌ఐ లోనో చెన్నై ఎస్‌ఈఆర్‌సీ లోనో, ఇట్ల పీస్ ఊర్లు తిరుగుతాది. ఏజింగ్ అయిన ప్లాస్టిక్ పెళుసుగా ఉంటాది, హైదరాబాద్ లో లారీ ఎక్కించి కర్నూలు, అనంతపురం మీదుగా 44వ నంబర్ హైవేలో బెంగళూరు తోలితే దారిలో ఎండాకాలం వేడి, కుదుపులు అన్నీ తగులుతాయి. ఫోమ్ ప్యాకింగ్, షాక్ ఇండికేటర్, టెంపరేచర్ లాగర్ పెట్టండి, దిగినాక మళ్లీ రీడింగులు తీయండి. లేకపోతే పగులు టేబుల్ మీద వచ్చిందా లారీలో వచ్చిందా అని ఎవరూ చెప్పలేరు, మొత్తం సీక్వెన్స్ మళ్లీ మొదటికి వస్తాది.

భూకంపం టెస్ట్ లో ముందు చిన్న ఊపుతో 1 నుంచి 33 హెర్ట్జ్ పైదాకా స్వీప్ చేసి ఎక్కడ రెజొనెన్స్ ఉందో వెతకాల, తర్వాత చిన్న భూకంపం అయిదుసార్లు, పెద్ద భూకంపం ఒకసారి. టేబుల్ ఇచ్చిన స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత ఊపు అనే గ్రాఫ్) అడిగిన స్పెక్ట్రమ్ ని పైనుంచి కప్పాల. బోల్టులు ప్లాంట్ లో ఎట్లుంటాయో అట్లే, అదే సైజు, అదే టార్క్, వెల్డింగ్ తో గట్టిగా పట్టించేస్తే అది మోసం. ఊగేటప్పుడు రిలే కాంటాక్ట్ 2 మిల్లీసెకన్ల కంటే ఎక్కువ విడిపోతాందా అని చూసే మానిటర్ పెట్టాల, ఊగడం ఆగినాక చూస్తే అన్నీ బాగున్నట్టే ఉంటాయి.

చివరిది, అన్నింటికంటే కష్టమైనది, స్టీమ్ ఛాంబర్. కూలంట్ పైపు పగిలితే 300 డిగ్రీల దరిదాపుల్లో ఉన్న కూలంట్ ఒక్కసారి బయటపడి ఆవిరైతాది, బిల్డింగ్ లో టెంపరేచర్, ప్రెజర్ సెకన్లలో పైకి పోతాయి. టెస్ట్ లో కూడా అంతే స్పీడ్ గా ఎక్కించాల, మెల్లగా వేడి చేస్తే ఆ థర్మల్ షాక్ తగలదు, గ్లాస్ సీల్ పగిలేది ఆ షాక్ కే. సాచురేటెడ్ స్టీమ్ అయితే టెంపరేచర్, ప్రెజర్ జోడీగా పోతాయి, 140 డిగ్రీలకి 3.6 బార్ అబ్సల్యూట్, 150 కి 4.8 దగ్గర, మీ చార్ట్ లో ఈ జోడీ కుదరకపోతే ఛాంబర్ లో గాలి మిగిలిపోయిందో, స్టీమ్ సూపర్‌హీట్ అయిందో, సెన్సర్ తప్పో అని వెతకండి. స్పెక్ లో ఉంటే కెమికల్ స్ప్రే కూడా. అడిగినదానికి మార్జిన్ కలపాల, పీక్ టెంపరేచర్ కి 8 డిగ్రీలు, గేజ్ ప్రెజర్ కి 10 శాతం, యాక్సిడెంట్ డోస్ కి 10 శాతం, పనిచేయాల్సిన టైమ్ కి 10 శాతం, ఇవి 323 చెప్పినవే.

పరికరానికి కరెంటు ఇచ్చి, లోడ్ పెట్టి, స్టీమ్ లో ఉండగానే రీడింగులు తీయాల. ఎందుకంటే తడిసిన ఇన్సులేషన్ ఆరినాక మళ్లీ కోలుకుంటాది, బయటికి తీసి మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) పెడితే బ్రహ్మాండంగా ఉంటాది. లోపల ఉన్నప్పుడు 24 వోల్టుల లూప్ లో కేబుల్ ఇన్సులేషన్ లక్ష ఓమ్‌లకి పడిపోయిందనుకో, 0.24 మిల్లీయాంప్ లీక్, 4 నుంచి 20 మిల్లీయాంప్ దాకా పోయే సిగ్నల్ కి ఉండే 16 మిల్లీయాంప్ స్పాన్ లో 1.5 శాతం తప్పు. ట్రాన్స్‌మిటర్ బాగానే ఉన్నా ఆపరేటర్ కి అబద్ధం పోతాది. అందుకని ట్రాన్స్‌మిటర్ ఒక్కదాన్నే కాకుండా దాని కేబుల్, గ్లాండ్, టెర్మినల్ అన్నీ కలిపి ఒక సెట్ గా పెట్టండి. నీళ్లు లోపలికి పోయేది ఎక్కువగా కేబుల్ ఎంట్రీ దగ్గర నుంచే. ఛాంబర్ గోడలోంచి వైర్లు బయటికి వచ్చే ల్యాబ్ సీలింగ్ కూడా లీక్ అయితాది, కాబట్టి ఖాళీ కేబుల్ ఒకటి పక్కన పెట్టి చూసుకుంటే తప్పు ఎవరిదో తెలుస్తాది.

పీక్ అయిపోయినాక రోజులు, వారాల పాటు తక్కువ వేడిలో నడుస్తాది, ఈ భాగాన్ని కూడా అరీనియస్ తో కొంత కుదించొచ్చు, కానీ మొదటి గంటల్ని కుదించొద్దు. అంతా అయినాక ఫంక్షన్ టెస్ట్, తర్వాత విప్పి ఫోటోలు తీయాల, ఓ-రింగ్ ఎంత చదునైంది, కవర్ లోపల నీటి చుక్క ఉందా, టెర్మినల్ పచ్చబారిందా. మధ్యలో ఏది తేడా వచ్చినా, ఫ్యూజ్ ఎగిరినా, ఛాంబర్ అరగంట ఆగినా, రిపోర్ట్ లో రాసి కారణం చెప్పాల. దాచితే అది పాస్ కాదు, ప్లాంట్ లో పనిచేసేవాళ్ల ప్రాణాలతో ఆట.

రిపోర్ట్ చివర్లో క్వాలిఫైడ్ లైఫ్ (టెస్ట్ ప్రకారం ఎన్నేళ్లు నమ్మి వాడొచ్చు అనేది) రాస్తారు, బాడీకి 40 ఏళ్లు వచ్చినా ఓ-రింగ్ కి 8 ఏళ్లే రావచ్చు. ఆ తేదీ ప్లాంట్ మెయింటెనెన్స్ షెడ్యూల్ లోకి ఎక్కాల, ఎవరు కవర్ విప్పినా పాత రింగ్ తిరిగి పెట్టకుండా కొత్తది వేసి, టెస్ట్ లో వాడిన టార్క్ తోనే బిగించాలని ఇన్‌స్టాలేషన్ షీట్ మీద పెద్ద అక్షరాలతో రాసి పంపండి.