తుఫాను కంటే ముందు జనరేటర్ ట్యాంకు చూసుకోండి

అక్టోబరు రాకముందే ఒక పని చేయండి. మెట్ల కింద పట్టా కప్పి ఉంచిన జనరేటర్ ట్యాంకు మూత తీసి వాసన చూడండి. తాజా పెట్రోలు వాసన ఘాటుగా ఉంటుంది. అది పోయి, పాత వార్నిష్ డబ్బా తెరిచినట్టు పుల్లటి వాసన వచ్చినా, రంగు ముదిరినా ఆ పెట్రోలును నమ్ముకోవద్దు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు మా ఇంట్లో జనరేటర్ ఉంది, దాని ట్యాంకులో సగానికి పైగా పెట్రోలూ ఉంది. ఫ్రిజ్‌లో అమ్మ ఇన్సులిన్ ఉంది. తాడు ఎన్నిసార్లు లాగినా ఇంజను అందుకోలేదు. కరెంటు రావడానికి రోజులు పట్టింది. బంకుల దగ్గర బారులు తీరిన జనం. ఇన్సులిన్ సీసాలను మట్టికుండలో పెట్టి, చుట్టూ తడిగుడ్డ చుట్టి కాపాడుకున్నాం. తరువాత మెకానిక్, పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బ్యురేటర్‌ను విప్పితే, పెట్రోలు వచ్చే సన్నటి జెట్ రంధ్రంలో తేనెరంగు జిగురు కనిపించింది. ఆ పెట్రోలు పోసి ఏడాది దాటిందని అప్పుడు లెక్క తేలింది.

పెట్రోలులో ముందుగా ఆవిరైపోయేవి తేలికపాటి భాగాలు. చల్లారిన ఇంజను అంటుకునేది వాటితోనే. మిగిలినది గాలి తగిలి మెల్లగా జిగురవుతుంది. దీనికి ఇప్పుడు మరొకటి తోడైంది. బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. అది నీటిని పీల్చుకుంటుంది. మన ఊరి గాలిలో తేమకు కొరత లేదు. పగటి వేడికి ట్యాంకులోని ఆవిరి మూత సందుల్లోంచి బయటికి పోతుంది, రాత్రి చల్లబడ్డాక తేమగాలి లోపలికి వస్తుంది. నీరు హద్దు మించితే ఇథనాల్‌ను వెంటబెట్టుకుని అడుగుకు దిగిపోతుంది. ఇంజనుకు మొదట అందేది ఆ అడుగు నీరే. అనుమానంగా ఉంటే ట్యాంకు అడుగు నుంచి కాస్త పెట్రోలును గాజు సీసాలోకి తీసి కదపకుండా ఉంచండి. రెండు పొరలుగా విడిపోయి కనిపిస్తే మొత్తం తీసేయాల్సిందే.

నెల దాటి వాడని యంత్రంలో పెట్రోలు ఉంచకపోవడమే అన్నిటికంటే మేలు. ట్యాంకు ఖాళీ చేశాక ఇంజను నడిపి, దానంతట అదే ఆగేదాకా ఉంచండి. అక్కడితో పని అయిపోదు. కార్బ్యురేటర్ కింది గిన్నెలో కొన్ని చుక్కలు మిగులుతాయి, జిగురు కట్టేది అక్కడే. ఇంజను పూర్తిగా చల్లారాక గిన్నె అడుగున ఉన్న స్క్రూ వదులు చేసి వాటినీ తీసేయండి. ఈ చిన్న పనిని చాలామంది వదిలేస్తారు.

తుఫాను కాలంలో ట్యాంకు నిండుగా ఉండాలనుకుంటే, పెట్రోలు కొన్న రోజే, అది చెడకుండా కాపాడే స్టెబిలైజర్‌ను కలపండి. చెడిన పెట్రోలును అది బాగుచేయలేదు. కలిపాక పది నిమిషాలు నడిపితేనే మందు కార్బ్యురేటర్ దాకా చేరుతుంది. నెలకొకసారి ఫ్యాన్లు, లైట్లు తగిలించి పావుగంట నడపండి. ఆరుబయటే నడపండి. వరండాలోనూ, కిటికీ పక్కనా వద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

విడిగా దాచే పెట్రోలుకు మంచినీళ్ళ ప్లాస్టిక్ సీసాలు వాడకండి. గట్టి మూత ఉన్న లోహపు డబ్బా కావాలి. లైసెన్సు లేకుండా ఇంట్లో ఉంచుకోవడానికి చట్టం అనుమతించేది 30 లీటర్లే. అంత కూడా అవసరం ఉండదు. డబ్బా మీద కొన్న తేదీ రాయండి, వంటగదికి దూరంగా నీడలో పెట్టండి.

జాలరిపేటల్లో పెట్రోలు ఇంజను బిగించిన పడవలున్నవారికి ఈ బెడద ఏప్రిల్ 15న మొదలవుతుంది. వేట నిషేధం జూన్ 14 వరకు, అంటే 61 రోజులు ఇంజను కదలదు. చివరి వేట నుంచి వచ్చిన రోజే ఇంజనులో మంచినీళ్ళు పారించి ఉప్పు కడిగి, పెట్రోలు తీసేయండి. ఆయిలు కలిపిన పెట్రోలైతే ఏ రోజుకు కావలసింది ఆ రోజే కలుపుకోండి.

తీసేసిన పెట్రోలును గెడ్డలో పోయకండి. అది చివరికి సముద్రానికే చేరుతుంది, దారిలో ఎవరైనా అగ్గిపుల్ల పారేస్తే భగ్గుమంటుంది. డబ్బాలో మూత బిగించి, మీ మెకానిక్‌ను అడిగి ఆయనకే అప్పగించండి.