కారు మరమ్మతు: కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనా, బయటి గ్యారేజీలోనా?

కారును కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాలా, బయటి మెకానిక్‌కు అప్పగించాలా అన్నది చేయించవలసిన పనిని బట్టి తేల్చుకోవాలి. ఒకే కారుకు ఒక పని అక్కడా, మరో పని ఇక్కడా చేయించుకోవడంలో తప్పేమీ లేదు.

ముందుగా వారంటీ పుస్తకం తీసి చదవండి. తయారీ లోపం వల్ల ఏదైనా భాగం వారంటీ గడువులో పాడైతే దాన్ని ఉచితంగా బాగుచేయించవలసింది కంపెనీయే కాబట్టి, అలాంటి పనికి బయట డబ్బు ఖర్చు పెట్టనక్కరలేదు. భద్రతకు సంబంధించిన రీకాల్ పనులు, అంటే లోపం బయటపడిన కార్లను కంపెనీయే వెనక్కి పిలిచి సరిచేసేవి కూడా అధీకృత కేంద్రాల్లోనే జరుగుతాయి. మీ కారుకు రీకాల్ ఏదైనా ఉందో లేదో అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం 17 ఉండే ఛాసిస్ నంబరుతో చూసుకోవచ్చు. బయట ఆయిల్ మార్పించుకుంటే వారంటీ పోతుందా అన్నదానికి దేశానికో నిబంధన ఉంది; ఎక్కడ మార్పించినా తేదీ, కిలోమీటర్లు, ఆయిల్ గ్రేడు రాసి ఉన్న బిల్లును మాత్రం దాచుకోవాలి.

వారంటీ దాటిన కారుకు బ్రేక్ ప్యాడ్లు, బ్యాటరీ, సస్పెన్షన్ బుష్‌లు (కుదుపులను తగ్గించే రబ్బరు భాగాలు), క్లచ్ వంటి అరిగిపోయే భాగాల పనిని మంచి గ్యారేజీ చక్కగా చేయగలదు. అక్కడ లేబర్ ఛార్జీ సాధారణంగా తక్కువ, పైగా విడిభాగాన్ని ఎంచుకునే వీలు ఉంటుంది. కార్ల కంపెనీలకు భాగాలు సరఫరా చేసే బాష్, డెన్సో, వాలియో వంటి సంస్థలు తమ సొంత పేరుతోనూ భాగాలను అమ్ముతాయి. అవి తరచు కారు కంపెనీ పేరున్న పెట్టెలో వచ్చే భాగాల కంటే చౌకగా దొరుకుతాయి. అయితే బ్రేకుల విషయంలో పేరూ ఊరూ లేని సరుకును ఎంత చౌకగా ఇచ్చినా వేయించకండి.

నా ఉద్దేశంలో అసలు పరీక్ష లోపాన్ని కనిపెట్టడంలో ఉంది. ఇంజిన్ లైటు వెలిగినప్పుడు స్కానర్ ఒక కోడ్ చూపిస్తుంది, కానీ ఏ భాగం మార్చాలో అది చెప్పదు. ఉదాహరణకు పీ0171 అనే కోడ్‌కు అర్థం ఇంజిన్‌లోకి వెళ్లే మిశ్రమంలో గాలి వాటా ఎక్కువై, ఇంధనం వాటా తగ్గిందని. దానికి కారణం చిట్లిన వాక్యూమ్ గొట్టం కావచ్చు, మురికి పట్టిన గాలి సెన్సర్ కావచ్చు, బలహీనపడిన ఇంధన పంపు కావచ్చు. ఏ పరీక్షా చేయకుండా కోడ్ చూసిన వెంటనే సెన్సర్ మార్చేద్దామనే వారి దగ్గర, అది కంపెనీ కేంద్రమైనా గ్యారేజీ అయినా, ఆగి ప్రశ్నించండి. ఆ భాగమే పాడైందని ఎలా తేల్చారని అడిగితే, తెలిసిన మెకానిక్ ఓపికగా వివరిస్తాడు. పరీక్షకు విడిగా రుసుము అడిగినా ఇవ్వండి, ఊహ మీద భాగాలు మార్పించుకోవడం కంటే అదే మేలు.

కొత్త తాళంచెవిని కారు గుర్తించేలా చేసే కోడింగ్, కంపెనీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, ఎయిర్‌బ్యాగులు, హైబ్రిడ్ కార్ల అధిక వోల్టేజీ బ్యాటరీ వంటి పనులకు ప్రత్యేక పరికరాలు, శిక్షణ కావాలి. ముందు అద్దానికి కెమెరా ఉన్న కార్లలో అద్దం మార్చాక, చాలా మోడళ్లకు ఆ కెమెరాను మళ్లీ క్యాలిబ్రేట్ చేయాలి, అంటే సరిగ్గా చూసేలా సర్దాలి. ఈ ఏర్పాట్లు ఉన్నాయని గ్యారేజీ చూపించలేకపోతే కంపెనీ కేంద్రానికే వెళ్లండి.

గ్యారేజీని ఎంచుకోవడానికి కారు ఆగిపోయే రోజు దాకా ఆగకండి. ముందే ఆయిల్ మార్పు వంటి చిన్న పని ఇచ్చి చూడండి. భాగాల ధర, లేబర్ విడివిడిగా రాసిన ఎస్టిమేట్ ఇచ్చారా, అదనపు పని మొదలుపెట్టే ముందు ఫోన్ చేసి అడిగారా, తీసేసిన పాత భాగాన్ని చూపించారా అన్నవి గమనించండి. ఇంజిన్ లేదా గేర్‌బాక్స్ విప్పే స్థాయి పని వస్తే మాత్రం రెండు చోట్లా ఎస్టిమేట్ రాయించుకుని, పనికి, భాగాలకు ఎన్ని నెలల గ్యారంటీ ఇస్తారో కూడా పక్కపక్కన పెట్టి పోల్చుకున్నాకే కారును అప్పగించండి.