పాత బండి మరమ్మతు – 6వ పాఠం: అంబాసిడర్ సైడ్ మిర్రర్ ఊగుతుంటే

గత పాఠంలో తలుపు బందులు సరిచేసుకున్నాం కనుక, ఇప్పుడు తలుపు వేసినప్పుడల్లా వణికే సైడ్ మిర్రర్ సంగతి చూద్దాం. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి అనే బ్రిటిష్ కారు ఆధారంగా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారై, 2014లో ఉత్పత్తి ఆగిపోయిన అంబాసిడర్లలో పాతవాటికి చాలామటుకు ఈ మిర్రర్లు బండి కొన్నాక బయట బిగించినవే. అందువల్ల ఏ రెండు బండ్లకూ రంధ్రాలు ఒకేచోట ఉంటాయని అనుకోకూడదు.

ముందుగా వదులు ఎక్కడుందో తేల్చుకోవాలి. తలుపుకు ఆనిన పీటను ఎడమచేత్తో కదలకుండా పట్టుకుని, కుడిచేత్తో మిర్రర్‌ను ఊపి చూడండి. పీట నిలకడగా ఉండి మిర్రర్ మాత్రమే వాలిపోతుంటే లోపం బాల్ జాయింట్‌లో, అంటే మిర్రర్ అటూ ఇటూ తిరగడానికి ఉండే గుండ్రటి కీలులో ఉన్నట్టు. దాన్ని పట్టి ఉంచే స్క్రూను పావు చుట్టు చొప్పున బిగిస్తే చాలు.

పీటే కదులుతుంటే పని పెద్దది. నేరుగా రేకులోకి దిగిన స్క్రూలు ఏళ్ల తరబడి అదిరి అదిరి రంధ్రాన్ని కోడిగుడ్డు ఆకారంలోకి అరగదీస్తాయి. అందులో అగ్గిపుల్ల దూర్చి బిగించడం మనవాళ్లకు అలవాటే గానీ, చెక్కలో పనిచేసే ఆ ఉపాయం రేకులో నిలవదు; పైగా వానకు తడిసిన పుల్ల చుట్టూ తుప్పు పడుతుంది.

దీనికి సరైన మార్గం ఉక్కు రివెట్ నట్, అంటే రేకు రంధ్రంలో బయటి నుంచే నొక్కి బిగించే, లోపల మరలున్న గొట్టంలాంటి నట్. 5 మి.మీ. బోల్టు పట్టే నట్‌కు 7 మి.మీ. రంధ్రం కావాలి. తలుపు లోపలే అద్దం దిగుతుంది కనుక, డ్రిల్లింగ్‌కు ముందు కిటికీ అద్దాన్ని పూర్తిగా పైకెత్తడం మరచిపోవద్దు. బిట్ కొనకు కాస్త గ్రీజు రాస్తే ఇనుప రజను దానికే అంటుకుంటుంది; లేకపోతే అది తలుపు అడుక్కు జారి, నీళ్లు పోయే రంధ్రాల దగ్గర తుప్పుకు విత్తనమవుతుంది. రంధ్రం అంచుకు తుప్పును ఆపే రెడ్ ఆక్సైడ్ రంగు పూసి, ఆరిన తర్వాతే నట్ బిగించాలి. రంధ్రం ఇప్పటికే 7 మి.మీ. దాటి అరిగి ఉంటే నట్ పట్టదు. అప్పుడు లోపలి ప్యానెల్ విప్పి, రేకు వెనుక ఇనుప పట్టీ వేయక తప్పదు.

పీట కింద కొత్త రబ్బరు వేసి, అది కొద్దిగా నొక్కుకునే వరకే బోల్టులు బిగించండి. ఇంకా బిగిస్తే రేకు లోపలికి గుంట పడుతుంది. చివరగా కిటికీ అద్దాన్ని నెమ్మదిగా దించండి. ఎక్కడైనా గీరిన చప్పుడు వస్తే వెంటనే ఆపి, ఆ బోల్టు తీసి అంతకంటే పొట్టిది వేయండి.